పొలెంటా అంటే ఏమిటమ్మా?

"బిరియానీ క్యాన్సిల్ చేశావా? ఎవర్నడిగి చేశావే?"

మణి ఫోను పట్టుకునే వంటింట్లోకి వచ్చింది. కేటరింగ్ అతను అప్పుడే పెట్టేశాడు. పొద్దున్నే మీ అమ్మాయి కాల్ చేసి వద్దన్నారు మేడమ్, ఇప్పుడు కావాలంటే సాయంత్రానికి గానీ అవదు అన్నాడు.

పర్సిస్ స్టవ్ దగ్గర నుంచి తల తిప్పలేదు. చెయ్యి ఆపితే అడుగంటుతుంది.

"నన్నే అడిగి చేశాను మమ్మీ. వాళ్ళు చూడ్డానికొచ్చేది నన్నే కదా."

"వాళ్ళొచ్చేది ఒంటిగంటకి. ఇప్పుడు పన్నెండుంపావు. నువ్వేమో ఆ గిన్నెలో పసుపు నీళ్ళు తిప్పుతున్నావు!"

"థిక్ అవుతుంది. ఫార్టీ మినిట్స్ పడుతుంది."

"దాన్ని తీసుకెళ్ళి యూనీకె వదిన ముందు పెడతావా? ఆవిడ పుట్టిల్లు మూడు తరాల పాస్టర్ల కుటుంబం. వాళ్ళాయన ప్లేనోలో పేరున్న డాక్టరు. నువ్వు రెస్టారెంట్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నావని చెప్పాను వాళ్ళకి."

"నేను మేనేజ్‌మెంట్‌లో లేను మమ్మీ. ఎకౌంటింగ్ జాబ్ మానేసి వంట చేస్తున్నాను. కుక్‌ని. టూ ఇయర్స్ నుంచి." పర్సిస్ గరిటె ఎత్తి చూసింది. ముద్ద ఇంకా జారుతోంది. మళ్ళీ తిప్పసాగింది. "అది వాళ్ళకి తెలియాలి. తెలిశాక కూడా నేను కావాలంటే, అప్పుడు ఆలోచిద్దాం."

ఆమోసు ఇస్త్రీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. అరవై దాటినా జుట్టు నల్లగా ఉంచుకునే మనిషి. అమెరికాలో, కాపెల్ ఊళ్ళోని తెలుగు చర్చికి తొమ్మిదేళ్ళుగా సెక్రటరీ.

"పోనీలే మణీ. వేట మాంసం కూడా వండింది కదా. తింటారులే."

"మీరు మాట్లాడకండి. అంతా మీరిచ్చిన అలుసే."

ఆమోసు గిన్నెలోకి ఒకసారి తొంగిచూశాడు. పసుపుపచ్చటి ముద్ద బుడగలు వేస్తూ పేలుతోంది. అతను కూతురి వంక చూడకుండానే ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

మంగళవారం సాయంత్రం ఇదే కౌంటర్ దగ్గర తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకున్న మాటలు మణికి తెలియవు. ఆ మాటల కోసమే పర్సిస్ బిరియానీ మాన్పించింది. తండ్రికి అదొక కానుక అవుతుందని ఆమె అనుకుంది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో" అంది మణి, ఫోను కౌంటర్ మీద పడేస్తూ. "ఈ సంబంధం పోతే, ఇంకోటి తెచ్చే ఓపిక నాకు లేదు. ఇరవయ్యేడు దాటాయి నీకు."

పర్సిస్ మంట తగ్గించింది. బయట కారు తలుపులు మూసిన చప్పుడు వినిపించింది. అరగంట ముందే వచ్చారు.

* * *

బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. ఆమోసు ప్రార్థన చేశాడు. చర్చిలో చేసేంత పొడవుగా చేశాడు.

పర్సిస్ రెండు చేతులతో గిన్నె ఎత్తుకొచ్చి, బల్ల మధ్యనున్న పెద్ద చెక్క పలక మీద ఒక్కసారిగా వంచింది. పసుపుపచ్చటి ముద్ద ఆవిర్లు కక్కుతూ నెమ్మదిగా పాకి, అంచుకి రెండంగుళాల ఇవతల ఆగింది. మధ్యలో గరిటెతో గుంట చేసి, అందులో మాంసం పోసింది.

ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"దీన్ని పొలెంటా అంటారు, ఆంటీ" అంది పర్సిస్.

"పొలెంటా అంటే ఏమిటమ్మా?" అని అడిగింది యూనీకె. గొంతు మెత్తగా ఉంది. "కేసరి చేస్తూ చక్కెర మరిచిపోయావేమో అనుకున్నాను."

పక్కనే కూర్చున్న ఆమె కొడుకు జోయెల్ నవ్వబోయి, పర్సిస్ మొహం చూసి ఆగిపోయాడు.

రెస్టారెంట్‌లో రోజుకి పదిసార్లు చెప్పే మాటలే. తెలుగులో చెప్పడం ఇదే మొదలు. పర్సిస్ చేతులు తుడుచుకుని నిలబడింది.

"ఇది మొక్కజొన్న, ఆంటీ. ఎండబెట్టి రవ్వలా గ్రైండ్ చేస్తారు. నీళ్ళు బాయిల్ అయ్యాక, సాల్ట్ వేసి, రవ్వని వాన పడినట్టు పైనుంచి వేయాలి. ఒకేసారి వేస్తే లంప్స్ వస్తాయి."

"ఉండలు కడుతుంది" అని సర్దింది మణి. ఆమె మొహం కందిపోయింది.

"అవును, ఉండలు. ఇంక తిప్పుతూనే ఉండాలి. ముద్ద గిన్నెకి అంటుకోకుండా విడివచ్చేదాకా. ఇటలీలో నార్త్ సైడ్, కొండల దగ్గర, పూర్ పీపుల్ తినేవారు. గోధుమలు కొనలేని వాళ్ళు. మార్నింగ్ ఇదే, ఈవెనింగ్ ఇదే. ఇలా పలక మీద పోసి, ఫ్యామిలీ అంతా చుట్టూ కూర్చుని, ఎవరి వైపు నుంచి వాళ్ళు మధ్యలోకి తింటూ వస్తారు. మీట్ మధ్యలో కొంచెమే ఉంటుంది. దాని దగ్గరికి రావాలంటే ముందు ఇది తినాలి."

"అంటే సంకటే కదా" అన్నాడు యూనీకె భర్త డాక్టర్ ప్రేమ్‌దాస్. "మా హాస్పిటల్లో వరంగల్ ఆయనొకడున్నాడు, మక్క గటక అంటాడు." స్పూను చివరతో ముద్దని కొద్దిగా నొక్కి చూశాడు. "ఇదొక్కటే తిని బతికినవాళ్ళకి ఒక జబ్బొచ్చేది. చర్మం నల్లబడి పొరలు పొరలుగా ఊడిపోయేది. మెడ చుట్టూ గొలుసు వేసినట్టు మచ్చ. ఆఖరికి మతి చలించేది. మెడికల్ కాలేజీలో ఫొటోలు చూపించేవారు మాకు."

"డాడ్, వియ్ ఆర్ ఈటింగ్" అన్నాడు జోయెల్.

ఆమోసు చెయ్యి కాలరు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగింది.

"అందరూ ఒకే పలక మీదా?" యూనీకె ఇంకా స్పూను ముట్టుకోలేదు. "ఎంగిలి కదమ్మా."

"చర్చిలో కమ్యూనియన్‌ అప్పుడు అందరం ఒకే రొట్టె తింటాం కదా, ఆంటీ."

"విరిచి ఇస్తారమ్మా. తలా ఒక స్పూను వేసి తవ్వుకోం."

మణి గబగబా లేచి, ప్లేట్ల కోసం వంటింట్లోకి నడిచింది.

"ఏమనుకోకు తల్లీ, అడుగుతున్నానని" అంది యూనీకె. "ఇక్కడ తెల్లవాళ్ళు టేబుల్ బుక్ చేసుకుని మరీ వచ్చి తింటారా దీన్ని? గతిలేనివాళ్ళ తిండి తినడానికి? నువ్వేమో చదువుకున్న చదువు వదిలేసి, నిలబడి దాన్ని తిప్పుతుంటావా?"

"యెస్, ఆంటీ. తిప్పుతుంటాను."

"మన తెలుగువాళ్ళు ఎవరైనా తిన్నారా దీన్ని, ఎప్పుడైనా?"

"తిన్నారు" అంది పర్సిస్. "మా డాడీ తిన్నారు."

ఆమోసు తల ఎత్తాడు.

పర్సిస్ అతని వైపు చూసి నవ్వింది. తండ్రికి ధైర్యం చెబుతున్నట్టుగా నవ్వింది.

"హాస్టల్‌లో. డాడీ చిన్నప్పుడు మిషన్ హాస్టల్‌లో ఉండేవారు. అమెరికా నుంచి షిప్‌లో ఎల్లో కార్న్ వచ్చేది. బ్యాగ్ మీద రెండు చేతులు షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటున్న బొమ్మ. ఎవ్రీ డే అదే తిండి. ఆ బ్యాగ్స్ చింపి పిల్లలకి నిక్కర్లు కుట్టేవారు. డాడీ నిక్కర్ మీద, వెనకాల, ఆ చేతుల బొమ్మ ఉండేదంట." ఆమె పలక వైపు చూపించింది. "ఎంత బ్యూటిఫుల్ స్టోరీ కదా. అందుకే ఇవాళ ఇదే చేశాను."

మణి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. చేతుల్లో ఆరు ప్లేట్లు.

"హాస్టలా?" అంది యూనీకె. "ఏ హాస్టలు అన్నయ్యగారూ? మీ నాన్నగారు తెనాలిలో హెడ్మాస్టరని కదా వదిన చెప్పింది?"



ఆమోసు గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు. గ్లాసుని తిరిగి పెట్టినచోటే పెట్టాడు.

"పిల్ల ఏదో కలిపి చెబుతోందండీ. రెస్టారెంట్‌లో ప్రతి ఐటమ్‌కీ ఒక కథ చెప్పాలట కస్టమర్లకి. ఆ అలవాటు ఇక్కడ కూడా..." అని నవ్వాడు. "మా నాన్నగారు హెడ్మాస్టరే. మా ఇంట్లో సన్నబియ్యం తప్ప పొయ్యెక్కేది కాదు."

పర్సిస్‌కి మొదట అర్థం కాలేదు.

"డాడీ? ట్యూస్‌డే చెప్పారు కదా. ఇక్కడే. నేను శాంపిల్ చేసినప్పుడు. మీరు ఏడ్చారు."

"నేనేమీ చెప్పలేదమ్మా."

"చెప్పారు! ఆ స్మెల్ రాగానే..."

"పర్సిస్." అతని గొంతు హెచ్చలేదు. "నేను చెప్పలేదు. చాలించు."

మణి ప్లేట్లు బల్ల మీద పెట్టింది. అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. నిజం ఏదో ఆమెకి తెలియదు. కానీ ఏ మాట నిలబడాలో తెలుసు.

"చిన్నప్పట్నుంచీ అంతే వదినగారూ దీనికి. ఊహలెక్కువ. స్కూల్లో కూడా కథలల్లేది. టీచర్లు కంప్లయింట్ చేసేవారు."

జోయెల్ పర్సిస్ వైపు తిరిగాడు. "సో, యూ మేడ్ ఇట్ అప్?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు, తండ్రి తప్ప. అతను ప్లేటు పక్కన స్పూనుని తిన్నగా సర్దుతున్నాడు. సర్దిన స్పూన్నే మళ్ళీ సర్దుతున్న ఆ వేళ్ళని పర్సిస్ చూసింది. ఈ మనిషి తనకి సైకిల్ నేర్పాడు. ఎకౌంటింగ్ మానేస్తానన్న రోజు, తల్లి రెండు వారాలు మాట్లాడకపోతే, అతను మాత్రం పొద్దున్నే కాఫీ తెచ్చి తలుపు కొట్టాడు.

"యెస్" అంది పర్సిస్. "నేనే చెప్పాను అబద్ధం. సారీ, ఆంటీ."

ఆమోసు గుండెల నిండా ఊపిరి తీసుకోవడం అందరికీ వినబడింది.

"పాపం" అంది యూనీకె. ఆ మాటలో మొదటిసారి కొంచెం తడి ఉంది. "పాపం పిల్ల. నిజం చెప్పి కూడా అబద్ధమని ఒప్పుకుంది."

ఆమె న్యాప్‌కిన్ మడిచి పక్కన పెట్టింది.

"సంబంధం అనుకున్నాక కనుక్కోకుండా వస్తామా అన్నయ్యగారూ? ఏప్రిల్‌లో ఇండియా వెళ్ళాం కదా. తెనాలి వెళ్ళాం. మీ నాన్నగారి పేరుతో ఏ బడిలోనూ హెడ్మాస్టరు లేడు. వాళ్ళనీ వీళ్ళనీ వాకబు చేసుకుంటూ చీరాల వైపు ఆ హాస్టల్ దాకా వెళ్ళాం. మీ అక్కగారే మాకు టీ పెట్టి ఇచ్చారు."

"అక్కా?" అంది మణి. "ఏ అక్క? ఈయన ఒక్కడే కొడుకు."

"దీనమ్మగారు. అరవయ్యెనిమిదేళ్ళట. ఆ వంటింటి వెనక గదిలోనే ఉంటారు. ఇప్పటికీ నాలుగింటికల్లా లేచి పిల్లలకి వండుతారు. తమ్ముడు ఎలా ఉన్నాడని ఆవిడ అడగలేదు వదినా. మేమే చెప్పాం, అమెరికాలో బాగున్నారని. 'సరేనమ్మా' అని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది."

"మీకు ముందే తెలుసా?" మణి యూనీకె వైపు తిరిగింది. "తెలిసి, ఇదంతా... ఈ మాటలన్నీ..."

"ఒప్పుకుంటారేమో చూద్దామని వచ్చాం." యూనీకె లేచి నిలబడింది. "హాస్టల్ తిండి తిని పైకొచ్చారంటే మాకు గౌరవమే. మా మామగారూ అలా పైకొచ్చినవాడే. మీ నోటితో ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఇవాళే తాంబూలాలు అనుకునేవాళ్ళం. పరువు కోసం కన్నకూతుర్ని అబద్ధాలకోరుని చేశారు, మా ఎదురుగానే. రేపు అవసరమొస్తే నా కొడుకుని ఏం చేస్తారు?"

ఆమోసు మళ్ళీ గ్లాసు అందుకున్నాడు.

"మీరు ముట్టుకోనేలేదే, అన్నయ్యగారూ" అందామె, పలక వైపు చూపిస్తూ. "తినండి. అలవాటైన తిండే కదా."

అప్పుడు మొదటిసారిగా స్పూను తీసుకుని, నిలబడే ఒక ముద్ద తిన్నది. "చాలా బాగుందమ్మా" అంది పర్సిస్‌తో. "నీ చేతిలో రుచి ఉంది."

ప్రేమ్‌దాస్ అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

గుమ్మం దగ్గర జోయెల్ వెనకబడ్డాడు. "ఐ యామ్ సారీ. మామ్ ఇలా చేస్తుందని నాకు..."

"నీకు తెలుసా?"

అతను తన బూట్ల వంక చూశాడు. తెలుసన్నమాట.

"ఆ ఆంటీ నంబర్ కావాలి నాకు" అంది పర్సిస్. "దీనమ్మ ఆంటీది. మీ మామ్ దగ్గర ఉంటుంది. అదొక్కటి పంపించు. ఇంకేం వద్దు."

* * *

కారు మలుపు తిరిగేదాకా మణి కిటికీ దగ్గరే నిలబడింది. తరువాత వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. పెళ్ళయిన ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆమె అతన్ని మీరు అనే పిలిచింది.

"నువ్వు ఎవరు?" అంది.

"మణీ..."

"నాకు నీ పేరొక్కటే తెలుసా? అదన్నా నిజమేనా?"

"మా నాన్న నేను పుట్టకముందే పోయాడు" అన్నాడు ఆమోసు. పలక వైపు చూస్తూ మాట్లాడాడు. "అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఊడ్చేది. నాకు ఏడేళ్ళప్పుడు ఆమె కూడా పోయింది. అక్కకి పదమూడు. హాస్టల్లో చోటు లేదన్నారు. వంటమనిషి తమ్ముడైతే ఉండొచ్చన్నారు. అక్క బడి మానేసి పొయ్యి దగ్గరికెళ్ళింది."

"అలాంటి మనిషిని లేదన్నావా? నాతో, మా నాన్నతో, దేవుడి ముందు నిలబడి?"

"మీ నాన్నగారు పెద్ద పాస్టరు. రాజమండ్రిలో అంత పేరు. సంబంధం అడగడానికొచ్చినప్పుడు ఎవరబ్బాయివి అని అడిగారు. నోటికి హెడ్మాస్టరని వచ్చేసింది."

"తరువాత? ముప్పయ్యొక్క ఏళ్ళలో మళ్ళీ నోరు పెగల్లేదా?"

అతను పలక అంచుని గోటితో గీకాడు.

"పెళ్ళికైనా పిలిచావా ఆవిణ్ణి?"

పర్సిస్ వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వచ్చింది" అన్నాడు చివరికి.

"ఎప్పుడు? నేను చూడలేదే."

"చూశావు. తెల్లచీర. కాళ్ళకి చెప్పులు లేవు. హాస్టల్ వంటమనిషి, చిన్నప్పుడు నాకు అన్నం పెట్టేది అని చెప్పాను నీతో."

మణి కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె మెల్లగా రెండు చేతులూ బల్ల మీద ఆన్చింది.

"ఆవిడా?"

"ఆమే."

"మా అమ్మ పెట్టెలోంచి పాత చీర తీసి ఇచ్చాను ఆవిడకి. చిరుగు లోపలికి వచ్చేలా మడతపెట్టి మరీ ఇచ్చాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, చల్లగా ఉండు తల్లీ అంది. చివర్లో, మేళం వాళ్ళు తిన్నాక, అంట్లు తోమేవాళ్ళ పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టించాం." మణి తన చేతుల వైపు చూసుకుంది. "నా ఆడపడుచు ఆవిడ. నా చేతులతో పాత చీర ఇప్పించావు. పక్కన నిలబడి చూశావు కదూ?"

"చూశాను."

"ఏమన్నావు ఆవిడతో, వెళ్ళేప్పుడు?"

"బస్సుకి టైమైందని చెప్పాను."

మణి లేచింది. ప్లేటు తీసుకుంది. పలక మీద పొలెంటా చల్లారి, గట్టిపడి, మైనంలా అయింది. కత్తితో పెద్ద ముక్క కోసి, ప్లేట్లో వేసి, భర్త ముందుకు తోసింది.

"తిను."

"మమ్మీ, ప్లీజ్."

"నువ్వు మాట్లాడకు. ఇదంతా నీ స్టోరీయే కదా. బ్యూటిఫుల్ స్టోరీ." మణి కూతురి వైపు చూడనైనా లేదు. "మీ నాన్న ఏడిస్తే నీకు ముచ్చటేసింది. తీసుకొచ్చి పరాయివాళ్ళకి వడ్డించావు. చెప్పేముందు ఆయన్ని అడిగావా ఒక్కసారి? నీది వేరు, ఆయనది వేరు అనుకోకు. ఇద్దరూ ఒకటే. ఆయన దాచిపెట్టి తిన్నాడు, నువ్వు అలంకరించి అమ్ముతావు."

పర్సిస్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఎదురు చెప్పబోయింది. కానీ నిజంగానే అడగలేదు.

ఆమోసు తినడం మొదలుపెట్టాడు. నమలకుండా మింగుతున్నాడు. రెండో ముక్క కూడా మణే వేసింది. అతను అదీ తిన్నాడు. మూడో ముక్కకి అతని గొంతు పట్టేసింది. మణి నీళ్ళ గ్లాసు దూరంగా జరిపింది.

"ఎందుకు?" అంది. "అంత చేసిన మనిషిని ఎందుకలా చేశావు? అది చెప్పు చాలు."

"అంత చేసింది కాబట్టే." ఆమోసు నోటి నిండా ముద్దతోనే మాట్లాడాడు. "అడుగంటిన మాడు గీకి నా కోసం దాచేది. ఎవరూ లేవకముందు చీకట్లో పెట్టేది. ఆమె కనబడితే చాలు, నేనెవర్నో నాకు గుర్తొస్తుంది. హైదరాబాద్ వెళ్ళినా, ఇక్కడికొచ్చినా అంతే. ఉత్తరం రాద్దామని కూర్చుంటాను. అక్కా అని రాయగానే, మళ్ళీ ఆ నిక్కరు తొడుక్కున్నట్టుంటుంది."

"అందుకని చంపేశావు."

"అవును" అన్నాడు అతను.

మణి ప్లేటు లాక్కుని సింకులో పడేసింది. అది రెండు చెక్కలయింది.

* * *

సాయంత్రం ఐదుంపావుకి పర్సిస్ ఫోను మోగింది. జోయెల్ పంపిన మెసేజ్‌లో నంబరు తప్ప ఇంకేమీ లేదు.

ఇంట్లో ముగ్గురూ మూడు చోట్ల ఉన్నారు. మణి సోఫాలో, ఆమోసు ఇంకా ఆ కుర్చీలోనే, పర్సిస్ మెట్ల మీద.

పర్సిస్ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇంకో పావుగంటలో అక్కడ నాలుగవుతుంది. ఆవిడ లేచే వేళ.

కిందికి దిగి వచ్చి, ఫోను బల్ల మీద పెట్టింది.

"నాకు నంబర్ వచ్చింది. ఫైవ్ థర్టీకి కాల్ చేస్తున్నాను."

"వద్దు పర్సీ." ఆమోసు కుర్చీలోంచి సగం లేచాడు. "నేను చేస్తాను. రేపు చర్చి అయ్యాక నేనే చేస్తాను. ఇవాళ వద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను."

పర్సిస్ అతని వైపు చూసింది. నిజంగానే రెండు చేతులూ జోడించాడు. మధ్యాహ్నం ఆ వేళ్ళని చూసి ఆమె అబద్ధం ఒప్పుకుంది. ఇప్పుడు చూపు తిప్పుకుంది.

"మీరు రేపు చేయరు, డాడీ."

"చెయ్యవే" అంది మణి సోఫాలోంచి. "స్పీకర్లో పెట్టు."

ఐదున్నరకి పర్సిస్ నంబరు నొక్కింది. అటు ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎవరో ఎత్తారు.

"ఎవరూ, ఈ చీకటేళప్పుడు?" గొంతు పెద్దది. వయసు తెలియడం లేదు. వెనక కొళాయి నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు.

"ఆంటీ... నేను పర్సిస్. అమెరికా నుంచి. ఆమోసుగారి డాటర్‌ని. అమ్మాయిని."

కొళాయి ఆగిపోయింది.

"ఏ ఆమోసు?"

పర్సిస్ తండ్రి వైపు చూసింది. ఆమోసు బల్ల మీదికి వంగాడు. పెదవులు ఫోనుకి దాదాపు ఆనాయి.

"అక్కా" అన్నాడు.

అటువైపు బకెట్ నేల మీద జరిగిన చప్పుడు. ఎవరో దగ్గారు. మళ్ళీ గొంతు వినిపించింది. అదే గొంతు. అందులో తేడా ఏమీ లేదు.

"నాకు తమ్ముళ్ళెవరూ లేరమ్మా. నేను హాస్టల్ వంటమనిషిని. నూటిరవై మంది పిల్లలకి ఎసరు పెట్టాలి."

ఆమోసు తల బల్లకి ఆనింది. భుజాలు ఎగసెగసి పడుతున్నాయి. మణి లేచి వచ్చి కూతురి పక్కన నిలబడింది. అతని మీద చెయ్యి వెయ్యలేదు.

ఫోను పెట్టేసిందేమోనని పర్సిస్ తెర వంక చూసింది. పెట్టేయలేదు. అంకెలు కదులుతూనే ఉన్నాయి.

"అమ్మాయ్" అంది దీనమ్మ. "ఉన్నావా?"

"ఉన్నాను, ఆంటీ."

"ఆంటీ కాదు. అత్త అనాలి." మళ్ళీ దగ్గింది. "మీ అమ్మ కూడా అక్కడే ఉందా?"

"ఉంది."

"అయితే ఆ ఏడుస్తున్న ఆయన్ని బయటికి వెళ్ళమను. నీకూ మీ అమ్మకీ ఒక సంగతి చెప్పాలి. అది ఆయన వినడానికి వీల్లేదు."

ఆమోసు తల ఎత్తాడు. అతని మొహంలో ఏడుపు ఆగిపోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది. అది భయమని పర్సిస్‌కి అర్థమయ్యేలోపే, అతని చెయ్యి ఫోను వైపు చాచుకొచ్చింది.

మణి ఫోను ముందుగా అందుకుంది. బల్ల పక్కనే ఉన్న పెరటి తలుపుని రెండో చేత్తో తీసి, భర్త బయటికి వెళ్ళడానికి పట్టుకుని నిలబడింది.